ఎర్ర రిబ్బనా, ఎరుపు రిబ్బనా? – క్రిస్మస్ అలంకరణలో రంగుల మాటలు

సందేహం: మా సంఘం క్రిస్మస్ సంచిక కోసం ఇంటి అలంకరణ మీద వ్యాసం రాస్తున్నాను. 'ఎర్ర రిబ్బను', 'ఎర్రటి రిబ్బను', 'ఎరుపు రిబ్బను' – వీటిలో ఏది సరైనది? 'బంగారు గంటలు' అని రాస్తే మా అమ్మాయి నవ్వింది, ఎందుకంటే చెప్పలేకపోయింది. 'కలర్ థీమ్'ను 'రంగుల ఇతివృత్తం' అనవచ్చా? మెరూన్, క్రీమ్, పర్పుల్ లాంటివాటికి మన పేర్లున్నాయా? మచ్చుకు రెండు వాక్యాలు పంపుతున్నాను: "ఎరుపు మరియు పచ్చ యొక్క కలయిక క్లాసిక్ ఇతివృత్తం. బంగారు అలంకరణలను ఉంచడం ద్వారా మీ గదికి వెచ్చదనాన్ని జోడించండి."
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీ అమ్మాయి నవ్వులో వ్యాకరణం ఉంది. బంగారు గాజులు, బంగారు గొలుసు అన్నప్పుడు 'బంగారు' అనేది రంగును చెప్పదు, దేనితో చేశారో చెబుతుంది. కాబట్టి 'బంగారు గంటలు' అంటే బంగారంతో పోత పోసిన గంటలే. మీరు చెప్పదలచుకున్నవి 'బంగారు రంగు గంటలు'. 'వెండి నక్షత్రం', 'వెండి రంగు నక్షత్రం' కూడా ఇంతే. 'గులాబీల దండ' కోసం పూలకొట్టుకు వెళ్లాలి, 'గులాబి రంగు దండ' కోసం ఫ్యాన్సీ కొట్టుకు వెళ్లాలి. ఒక్క 'రంగు' అన్న మాట ఎగిరిపోతే చదివినవారు వేరే అంగడి ముందు నిలబడతారు.

ఎక్కడ 'రంగు' చేర్చాలో, ఎక్కడ అక్కర్లేదో తెలియడానికి తేలికైన గుర్తు ఒకటుంది. ఎర్ర, తెల్ల, నల్ల, పచ్చ, నీలి – ఇవి నేరుగా రంగునే చెప్పే మాటలు. ఎర్ర బంతి, తెల్ల రిబ్బను, నీలి దీపం అంటే చాలు. నారింజ, గులాబి, బంగారం, గోధుమ, బూడిద, ఇటుక లాంటివి వస్తువుల పేర్లు, రంగుకు వాడుకుంటున్నాం. వీటి వెంట 'రంగు' ఉండి తీరాలి. 'బూడిద గుడ్డ' అంటే బూడిద అంటిన గుడ్డ అనుకుంటారు.

ఇక మీ మొదటి ప్రశ్న. ఎరుపు, తెలుపు, నలుపు అనేవి నామవాచకాలు, రంగు పేర్లు. 'నాకు ఎరుపు ఇష్టం' అంటాం. వస్తువు ముందు విశేషణంగా నిలిచే రూపాలు ఎర్ర, ఎర్రని, ఎర్రటి. అందువల్ల 'ఎర్ర రిబ్బను', 'ఎర్రటి రిబ్బను' రెండూ సరైనవే. 'ఎరుపు రంగు రిబ్బను' కూడా నిక్షేపంగా ఉంటుంది, అక్కడ ఎరుపు అనే పేరు రంగుకు తగులుతోంది కాబట్టి. వట్టి 'ఎరుపు రిబ్బను' మాత్రం ఈమధ్య అట్టపెట్టెల మీదా ప్రకటనల్లోనూ కనిపిస్తున్న అతకని రూపం. నోటితో పలికి చూస్తే తేడా తెలిసిపోతుంది: 'ఆ పెట్టెలో ఎర్రవి ఎన్ని?' అని అడుగుతాం గాని 'ఎరుపువి ఎన్ని?' అని అడగం. 'ఎర్రగా మెరుస్తోంది' అంటాం, 'ఎరుపుగా' అనం. అయితే రంగులను జంటగా చెప్పేటప్పుడు నామవాచకాలే కావాలి: నలుపు తెలుపు ఫోటో, ఎరుపూ తెలుపూ కలిసిన చారలు.

ఎర్రకూ ఎర్రటికీ మధ్య కూడా సన్నని గీత ఉంది, అలంకరణ గురించి రాసేవారికి అది బాగా పనికొస్తుంది. పొట్టి రూపం జాతిని చెబుతుంది, పొడుగు రూపం కంటికి కనిపించే తీరును చెబుతుంది. నల్లబల్ల అంటే బడిలో పాఠం రాసే బల్ల, దానికి ఆకుపచ్చ రంగు పూసినా నల్లబల్లే. నల్లటి బల్ల అంటే నల్లగా ఉన్న ఏ బల్లయినా కావచ్చు. తెల్లకాగితం అంటే ఏమీ రాయని కాగితం. తెల్లటి కాగితం అంటే రంగు తెలుపైన కాగితం. మీ వ్యాసంలో 'తెల్లకాగితంతో నక్షత్రం కత్తిరించండి' అని రాస్తే పిల్లలు నోటుబుక్కులోంచి ఒక పేజీ చింపుతారు. రెండు రోజులకే ఆ నక్షత్రం మొనలు వంగిపోతాయి. 'తెల్లటి దళసరి అట్టతో' అంటే కావలసింది తెస్తారు.

మీ రెండు వాక్యాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట 'పచ్చ'. తెలుగులో పచ్చ రెండు రంగులకు పేరు. పచ్చని చేను ఆకు రంగు. పచ్చసొన, పచ్చకామెర్లు పసుపు రంగు. ఒంటిరంగు మెచ్చుకుంటూ 'పచ్చని మేను' అన్నప్పుడు అది బంగారు ఛాయ. 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు కూడా పచ్చకు రెండు అర్థాలూ ఇచ్చింది. కవికి ఇది వరం. కొనాల్సిన సామాను జాబితా రాసేవారికి మాత్రం చిక్కు. 'పచ్చ దండలు పన్నెండు' అని రాస్తే ఒకరు ఆకుపచ్చవి, ఒకరు పసుపుపచ్చవి తెస్తారు, ఇద్దరిదీ తప్పు కాదు. జాబితాల్లో ఎప్పుడూ ఆకుపచ్చ అనో పసుపుపచ్చ అనో విడమరిచి రాయండి.

'ఇతివృత్తం' ఇక్కడ నప్పదు. అది కథకో నాటకానికో ఉండే వస్తువు, జరిగిన సంగతుల వరుస. రంగులకు కథ లేదు. మీరు చెప్పదలచుకున్నది ఏ రంగు పక్కన ఏ రంగు ఇముడుతుందన్న సంగతి. దానికి 'పొందిక' అనే చక్కని మాట ఉంది. 'రంగుల పొందిక' అనండి. 'థీమ్' అని తెలుగు లిపిలో రాసినా నాకు అభ్యంతరం లేదు, అందరికీ అర్థమవుతుంది. అర్థం కానిది, పైగా తప్పుదారి పట్టించేది 'ఇతివృత్తమే'. రంగులు కుదిరితే నప్పాయి, ఒప్పాయి, జోడీ కుదిరింది అంటాం. కుదరకపోతే ఎబ్బెట్టుగా ఉన్నాయి, కంట్లో గుచ్చుకుంటున్నాయి అంటాం. ఈ మాటలు వాడితే వ్యాసం దానంతట అదే తెలుగవుతుంది.

పొందిక పాళ్లు చెప్పడానికి చీర కంటే మంచి ఉపమానం లేదు. చీర ఒళ్లంతా ఒక రంగు, అంచు ఒక రంగు, అక్కడక్కడా బుటా ఒక రంగు. ఇంటి అలంకరణ తెలిసినవారు చెప్పే లెక్కా ఇదే: ఆరు పాళ్లు ప్రధానమైన రంగు, మూడు పాళ్లు తోడు రంగు, ఒక పాలు మెరుపు. చెట్టు పెడుతున్నారంటే ఆకుపచ్చ ఆరు పాళ్లూ అప్పుడే వచ్చేసినట్టు. అది కొట్లో కొన్న ప్లాస్టిక్ చెట్టయినా, కోస్తా ఊళ్లలో తెచ్చి నిలబెట్టే సరుగుడు కొమ్మయినా అంతే. ఇక ఎంచుకోవలసినవి రెండే రంగులు. మూడో రంగు, నాలుగో రంగు చేర్చుకుంటూ పోతే ఏదీ కంటికి ఆనదు.

రంగు ఛాయల పేర్ల కోసం నిఘంటువు తెరవనక్కర్లేదు, చీరల కొట్లో చెవి ఒగ్గితే చాలు. చిలకపచ్చ, నెమలికంఠం, వంగపండు రంగు, నేరేడుపండు రంగు, రాణి రంగు, కనకాంబరం రంగు, మెంతి రంగు, ఉల్లిపొర రంగు, గంధం రంగు – ఒక్కో పేరు వినగానే ఒక్కో గుడ్డ కళ్లముందు పరుచుకుంటుంది. మీరడిగిన క్రీముకు మీగడ రంగు అనవచ్చు. కాస్త పసుపు పాలు ఎక్కువైతే గంధం రంగు. మెరూన్‌ను మెరూన్‌గానే ఉంచండి, ఊరూరా స్థిరపడిన మాట. ఎరుపు విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. వట్టి 'ఎర్ర బంతులు' అని రాస్తే ఒకరు నారింజ కలిసిన ఎరుపు తెస్తారు, ఇంకొకరు మెరూన్ వైపు మొగ్గిన ఎరుపు తెస్తారు. రెండూ ఒకే కొమ్మకు తగిలిస్తే ఒకటి వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. 'మిరపపండు ఎరుపు' అనండి. గుంటూరులో దానికి వివరణ అక్కర్లేదు.

అన్నట్టు, రంగు పోతే అది 'వెలిసింది', వాన ఆగినా 'వెలిసింది'. దేవుడు కొలువై ఉన్నచోట 'వెలసిన' అని రాస్తాం. ఈ రెంటినీ కలగలిపి రాయడం ఈమధ్య పెరిగింది.

పర్పుల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో చాలా సంఘాల్లో బలిపీఠం మీది గుడ్డ ఆ రంగే. ఆగమన వలయంలో నాలుగు కొవ్వొత్తులు పెట్టేవారు మూడింటిని ఆ రంగువి, మూడో ఆదివారానికి ఒకటి గులాబి రంగుది పెడతారు. తెలుగు బైబిల్లో ఈ రంగుకు రెండు మాటలున్నాయి. నిర్గమకాండంలో గుడారపు తెరల దగ్గర 'నీల ధూమ్ర రక్తవర్ణములు' అని వస్తుంది. మార్కు సువార్తలో సైనికులు యేసుకు తొడిగించినది 'ఊదారంగు వస్త్రము'. ధూమ్రం సంస్కృతం, అమరకోశం దాన్ని కృష్ణలోహితం, అంటే నలుపు కలిసిన ఎరుపు అంటుంది. కాని ధూమం అంటే పొగ కాబట్టి నేటి పాఠకుడికి ధూమ్రవర్ణం అనగానే పొగరంగు తోస్తుంది, బూడిద రంగు కొవ్వొత్తి తెచ్చినా తెస్తాడు. ఊదా ఉర్దూ నుంచి వచ్చి మనదైపోయిన మాట, బైబిలు చదివే ప్రతి ఇంట్లోనూ తెలిసిన మాట. అదే వాడండి.

ఇప్పుడు మీ వాక్యాలు. 'మరియు' తీసేసి అచ్చులు సాగదీస్తే చాలు: ఎరుపూ ఆకుపచ్చా. 'యొక్క' అసలే వద్దు. 'అలంకరణ' అంటే అలంకరించే పని. వస్తువులను 'అలంకరణలు' అనకండి, 'అలంకరణ సామాను' అనండి. ఇక 'ఉంచడం' అనే ఒక్క క్రియతో అన్ని పనులూ చేయించకండి, ఒక్కో పనికి ఒక్కో క్రియ ఉంది. గుమ్మానికి తోరణం కడతాం, వాకిట్లో నక్షత్రం వేలాడదీస్తాం, కొమ్మకు బంతి తగిలిస్తాం, చెట్టుకు సీరియల్ లైట్ల తీగ చుడతాం, గోడకు కాగితం అంటిస్తాం, పశువుల పాకలో బొమ్మలు అమరుస్తాం. పాకనూ తొట్టినీ కలపకండి. బాలయేసును పొత్తిగుడ్డలతో చుట్టి పడుకోబెట్టినది తొట్టి, కాపరులూ జ్ఞానులూ నిలబడేది పాక. 'తొట్టిలో గొర్రెల కాపరులను ఉంచండి' అన్న వాక్యం అచ్చులో రాకూడదు.

'వెచ్చదనాన్ని జోడించండి' మనకు పలకదు. రంగు కంటికి చల్లగా ఉంటుంది, ఇంపుగా ఉంటుంది, నిండుగా ఉంటుంది. గది కళకళలాడుతుంది. మెరుపు మాటలు కూడా చూసి వాడాలి. చిన్న దీపాలు మిణుకుమిణుకుమంటాయి, నున్నని బంతులు తళతళలాడతాయి, చమ్కీ దండలు మిలమిలలాడతాయి. 'ధగధగ' అంటే కళ్లు చెదిరే వెలుగు, ఇంటి లోపల చెట్టుకు అది ఎక్కువ.

మీ పేరా ఇలా రాసుకోవచ్చు: "ఆకుపచ్చ చెట్టుకు మిరపపండు ఎరుపు చక్కగా నప్పుతుంది. ఐదడుగుల చెట్టయితే యాభై బంతులు సరిపోతాయి – ముప్పై అయిదు ఎర్రవి, పదిహేను బంగారు రంగువి. ముందు సీరియల్ లైట్ల తీగ మొదలు నుంచి కొసదాకా చుట్టండి. ఆ తర్వాతే బంతులు, పెద్దవి కింద, చిన్నవి పైన. ముందు బంతులు తగిలిస్తే తీగ చుట్టేటప్పుడు రాలిపోతాయి. పెట్టె మీద 2700 కెల్విన్ అని ఉన్న పసుపు వెలుగు లైట్లు తీసుకోండి. 6500 అని ఉన్న తెల్ల వెలుగులో బంగారు రంగు పాలిపోయినట్టు ఉంటుంది."

క్రిస్మస్ వర్ణక్రమం మీరు రాసినట్టే ఉండనివ్వండి. విభక్తి చేర్చేటప్పుడు 'క్రిస్మస్‌కు', 'క్రిస్మస్ నాటికి' అనండి. పాత పుస్తకాల్లో 'క్రిస్మసు' అని ఉకారాంతం చేసి రాశారు, అదీ తప్పు కాదు. ఒక సంచికలో మాత్రం మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒకే రూపం వాడండి.