డేటా ఫైలు తెరిచే ముందు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నీ థీసిస్ ప్రతిపాదన చదివాను. తెలుగు రాష్ట్రాల్లో కుటుంబాల బాగోగుల మీద పని చేస్తానంటే సంతోషమే. కానీ వచ్చే వారమే కేంద్రం చేసే కుటుంబ వినియోగ ఖర్చు సర్వే డేటా దించుకుని రిగ్రెషన్ లెక్కలు మొదలుపెడతానన్నావు చూడు, ఆ తొందర నాకు నచ్చలేదు. సర్వీసంతా ఊళ్ళ వెంట తిరిగి షెడ్యూళ్ళు, అంటే సర్వే ప్రశ్నల ఫారాలు, నింపించినవాణ్ణి. నాకు తెలిసింది చెప్తాను, పాటించడం నీ ఇష్టం.

ముందు షెడ్యూల్ ప్రింటు తీసుకో. దాంతోపాటు ఫీల్డ్ సిబ్బందికిచ్చే సూచనల పుస్తకం కూడా. రెండూ కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్లో డేటా పక్కనే ఉంటాయి, వాటిని తెరిచేవాళ్ళే తక్కువ. ప్రింటు చేతిలో పట్టుకుని మీ అమ్మని కూర్చోబెట్టి మీ ఇంటి షెడ్యూల్ నువ్వే నింపు. గత ఏడు రోజుల్లో కూరగాయలకి ఎంతయింది? ముప్పై రోజుల్లో బియ్యం ఎన్ని కిలోలు వండారు? ఏడాదిలో బట్టలకి ఎంత పెట్టారు? ఎన్ని రోజుల ఖర్చు అడగాలన్నదానికి మూడు రకాల గడువులు ఎందుకు పెట్టారో పావుగంటలో తెలిసిపోతుంది. మూడు వారాల కిందట కొన్న కొత్తిమీర కట్ట ఎవరికి గుర్తుంటుంది? పండక్కి కొన్న పట్టుచీర మాత్రం ధరతో సహా గుర్తుంటుంది. 1999-2000 సర్వేలో ఆహారం ఖర్చుని ఏడు రోజులకీ, ముప్పై రోజులకీ ఒకే ఇంట్లో పక్కపక్కనే అడిగారు. ఒక జవాబు ఇంకో జవాబుని లాగేసింది. పేదరికం అసలు ఎంత తగ్గిందని ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. తర్వాత 2015లో నోబెల్ అందుకున్న ఆంగస్ డీటన్ కూడా ఆ అంకెల్ని పాత రౌండ్లతో, అంటే అంతకుముందు విడతల సర్వేలతో, పోల్చగలిగేలా చెయ్యడానికి తంటాలు పడ్డవాడే. అంతా గడువు దగ్గర వచ్చిన గొడవే.

ఇక కుటుంబం అంటే ఎవరు? ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు. హాస్టల్లో చదివే కొడుకు ఆ ఇంటి లెక్కలోకి రాడు. కూలివాళ్ళకి ఆసామి ఇంట్లో పెట్టిన భోజనం, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ నమూనా సర్వే) పద్ధతిలో, వండిన ఇంటి ఖర్చులోకే పోతుంది. అంటే ఆసామి తిండి ఉన్నదానికంటే ఎక్కువగా, కూలివాడి తిండి తక్కువగా కనిపిస్తుంది. పొలంలో పండించుకు తిన్న ధాన్యానికి కల్లం దగ్గర ధర కడతారు, కొట్టు ధర కాదు. ఇవన్నీ చిన్న విషయాల్లా అనిపిస్తాయి. కానీ నువ్వు కౌలురైతునీ, వ్యవసాయ కూలీనీ పోల్చబోతున్నావు కదా, నీకు తగిలేవి ఇవే.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. తలసరి ఖర్చు పెరిగితే ఆ ఇల్లు బాగుపడినట్టే అనుకుంటావేమో, అక్కడ ఆగు. గుంటూరులో ఒక ఇంట్లో తండ్రికి గుండె ఆపరేషనయింది, అప్పు చేసి రెండున్నర లక్షలు కట్టారనుకో. నలుగురున్న ఇల్లయితే నెలకి మనిషికి ఐదువేల పైచిలుకు ఖర్చు అమాంతం పెరుగుతుంది. నీ టేబుల్లో ఆ కుటుంబం పై వర్గంలోకి వెళ్ళి కూర్చుంటుంది. పక్కింటివాళ్ళు సొంతింట్లో ఉంటే అద్దె లేదు కాబట్టి వాళ్ళ ఖర్చు తక్కువ, అద్దెకున్నవాళ్ళది ఎక్కువ. సొంతింటికి అద్దె విలువ కట్టి ఖర్చులో కలపరు మరి. అందుకని మొత్తం ఒక్కటే పట్టుకోకు. తిండి, వైద్యం, చదువు, అద్దె విడివిడిగా పెట్టు. ఆసుపత్రి ఖర్చు తీసేసి ఒకసారి, కలిపి ఒకసారి కుటుంబాల్ని వరసలో పేర్చి చూడు. ఏ ఇళ్ళు స్థానం మారాయో చూస్తే, నీ థీసిస్‌లో ఒక అధ్యాయం అక్కడే దొరకొచ్చు.

2022-23 వినియోగ సర్వేలో దేశం మొత్తం మీద పల్లెల్లో తలసరి నెల ఖర్చు 3,773 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 4,870, తెలంగాణ పల్లెల్లో 4,802. ఉచితంగా అందిన వస్తువులకి విలువ కట్టి కలిపితే దేశం అంకె 3,860 అవుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. విలువ కట్టింది పూర్తిగా ఉచితంగా వచ్చినవాటికే. రూపాయికి కిలో చొప్పున కొన్న రేషన్ బియ్యానికి ఆ రూపాయే పడుతుంది. ఆహార భద్రత చట్టం కింద బియ్యాన్ని కేంద్రం పూర్తిగా ఉచితం చేసింది 2023 జనవరి నుంచి. సర్వే నడిచింది 2022 ఆగస్టు నుంచి 2023 జులై దాకా. ఏ ఇంటికి ఏ నెలలో వెళ్ళారో చూడకుండా రేషన్ గురించి ఏమీ రాయకు.

ఖర్చులో మన రెండు రాష్ట్రాలూ దేశం సగటు కంటే పైన ఉన్నాయి, బాగానే ఉంది. ఇప్పుడు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తియ్యి. 2019-21 నాటి ఐదో విడతలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. అంటే డబ్బు ఎక్కువ ఖర్చవుతున్న చోట రక్తం ఎక్కువేమీ లేదు. ఖర్చు సర్వే ఇంటి మొత్తాన్ని మనుషుల సంఖ్యతో భాగించి ఊరుకుంటుంది, గుడ్డు ఎవరి కంచంలో పడిందో చెప్పదు. ఆరోగ్య సర్వే మనిషిని విడిగా పట్టుకుంటుంది, రక్తం చుక్క తీసి చూస్తుంది. తనే వాడుకునే బ్యాంకు ఖాతా ఉందా అని ఆ ఇంటి ఆడమనిషినే అడుగుతుంది. అయితే ఆదాయం, ఖర్చు అడగదు. ఫ్యాను, ఫ్రిజ్, మరుగుదొడ్డి, నేల రకం లాంటివి కలిపి సంపద సూచిక కడుతుంది. రెండు సర్వేల్లో ఇళ్ళు వేరు కాబట్టి ఇంటికి ఇల్లు జతచెయ్యలేవు, వర్గానికి వర్గాన్ని పోల్చుకోవాలంతే. ఇంకోటి, మన రాష్ట్రాల్లో ఆ సర్వే కోవిడ్‌కి ముందే అయిపోయింది. మరికొన్ని రాష్ట్రాల్లో తర్వాత కూడా సాగింది. పక్క రాష్ట్రాలతో పోల్చేటప్పుడు తేదీలు చూసుకో.

పాత రౌండ్లతో పోల్చడం మరీ టెన్షన్ పెట్టే పని. 2011-12 డేటాలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ ఒక్కటే. జిల్లా కోడ్లు చూసి నువ్వే విడదీసుకోవాలి. తర్వాత తెలంగాణ పది జిల్లాలు ముప్పై మూడయ్యాయి, ఆంధ్రలో పదమూడు 2022లో ఇరవయ్యారయ్యాయి. 2011-12లో ఇంటికి ఒక్కసారే వెళ్ళి 347 వస్తువులు అడిగారు. 2022-23లో మూడుసార్లు వెళ్ళి 405 అడిగారు. మధ్యలో 2017-18 సర్వే ఫలితాల్ని నాణ్యత కారణం చెప్పి ప్రభుత్వం విడుదలే చెయ్యలేదు. కాబట్టి "పదకొండేళ్ళలో ఇంత పెరిగింది" అని రాసేముందు, పెరిగింది ఖర్చా, అడిగే తీరా అని పరీక్షకుడు నిలదీస్తే ఏం చెప్తావో ఆలోచించుకో.

మల్టిప్లయర్లు, అంటే ఒక్కో శాంపిల్ ఇల్లు ఎన్ని ఇళ్ళకి లెక్కో చెప్పే అంకెలు, వాడమని నీకు చెప్పక్కర్లేదనుకుంటాను. అయినా చెప్తున్నా, ఎందుకంటే పెద్ద పెద్దవాళ్ళే మర్చిపోతారు. పట్నంలో కారున్న ఇళ్ళనీ లేని ఇళ్ళనీ వేర్వేరు వర్గాలుగా ఎంచుతారు, మామూలు సగటు తీస్తే తప్పొస్తుంది. ప్రతి టేబుల్లోనూ పక్కన అసలు శాంపిల్ ఇళ్ళ సంఖ్య రాసిపెట్టుకో. ఒక జిల్లాలో చేనేత కుటుంబాలు ఆరుంటే, ఆ ఆరింటితో జిల్లా చేనేత గురించి తీర్పు చెప్పకు. బాగా ఉన్నవాళ్ళు ఎలాగూ దొరకరు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడు, లోపలికి వెళ్ళినా సార్ ఊళ్ళో లేరంటారు. అసమానత కొలిచే అధ్యాయంలో ఈ మాట ఫుట్‌నోట్‌లో కాదు, పైనే రాయి.

మీ ఇంటి షెడ్యూల్ నింపాక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. మీ అమ్మ నూనె ఖర్చు తక్కువ చెప్తుంది, నాకు తెలుసు, ప్యాకెట్లు లెక్కపెట్టు.

ఇట్లు,
మీ మామయ్య