స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి పెల్లెట్లు, స్కోప్ మౌంట్లు: మొదట గాడిలో నూనె తుడవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదండి. పాలకొల్లు దగ్గర కొబ్బరితోటలో 25 మీటర్ల నుంచి అట్టల మీద కొడుతున్నారు. బ్యారెల్ విరిచి గుండు పెట్టే 4.5 మి.మీ. స్ప్రింగ్ రైఫిల్, దాని మీద 3-9×40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 40 మి.మీ.), దాన్ని గన్‌కి పట్టి ఉంచే మౌంట్‌గా రెండు విడి రింగులు. పొద్దున జీరో చేస్తే, అంటే గురిపెట్టిన చోటే దెబ్బ పడేలా స్కోప్ సర్దితే, ఇరవై ముప్పై గుళ్లకే దెబ్బ ఇంకోచోట పడుతోంది. స్కోప్ మార్చాలా, ఏ పెల్లెట్లు (సీసం గుళ్లు) తెప్పించాలి, ఒకే ముక్క మౌంట్ మంచిదా రెండు ముక్కలదా, చేపల చెరువు దగ్గర పక్షుల్ని తోలడానికి కూడా పనికొస్తుందా అన్నారు.

చివరిదానికి ముందు చెప్తాను: పనికిరాదు. నీటికాకుల్నీ కొంగల్నీ కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. మీ గన్‌కి లైసెన్సు అక్కర్లేకపోయినా అది నేరమే. చెరువు మీద దారాలు కట్టించండి, వల వేయించండి.

స్కోప్‌ని ఇప్పుడే తప్పుపట్టకండి. ఇంట్లో గోళ్లరంగు ఉంటుంది కదా, దాంతో వెనక రింగు కాలు, గన్ పైన మౌంట్ పట్టుకునే గాడి మీద ఆగినచోట సన్నటి గీత గీయండి, సగం మౌంట్ మీద, సగం గన్ మీద పడేలా. అలాంటిదే ఇంకో గీత రింగుకీ స్కోప్ గొట్టానికీ మధ్య. ఆరాక ముప్పై గుళ్లు కొట్టి చూడండి. గీత విరిగి, మౌంట్ వైపు సగం మీ కంటివైపు జరిగి ఉంటే దొంగ దొరికినట్టే. అర మిల్లీమీటరు జరిగినా లెక్కే. కొన్నిసార్లు మౌంట్ కదలదు, రింగులో గొట్టం జారుతుంది. అందుకే రెండు గీతలు పెట్టమన్నది.

జారడం ఎప్పుడూ వెనక్కే ఎందుకంటే, ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకి దూకుతుంది, గన్ వెనక్కి తంతుంది. పిస్టన్ గొట్టం చివర నొక్కుకుపోయిన గాలికి కొట్టుకుని ఆగుతుంది చూడండి, ఆ క్షణంలో గన్ ఒక్కసారి ముందుకి గుంజుతుంది. ఈ రెండో కుదుపే కొంప ముంచేది. గన్ ముందుకి పోతుంటే బరువైన స్కోప్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, అంటే గాడి మీద వెనక్కి వస్తుంది. మందు దట్టించే నాటు తుపాకీలో గానీ, పాయింట్ టూటూ రైఫిల్‌లో గానీ తన్నడం వెనక్కి మాత్రమే. వాటి కోసం చేసిన ఖరీదైన స్కోప్ కూడా స్ప్రింగ్ గన్ ఎక్కితే లోపలి అద్దాలు వదులవడం, క్రాస్ గీతలు ఒరిగిపోవడం మామూలే. స్ప్రింగ్ ఎయిర్ గన్‌కి తట్టుకుంటుందని తయారీదారు రాసిచ్చిన స్కోపే కొనాలి.

మన వైపు దీనికి ఇంకో కారణం కలుస్తుంది. నర్సాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలి, మిగతాచోట్ల చెరువుల తేమ. తుప్పు భయంతో గన్‌ని తల నుంచి తోక దాకా నూనె గుడ్డతో తుడిచి పెడతారు, ఆ నూనె మౌంట్ పట్టుకునే గాడిలోకి దిగుతుంది. నూనె మీద ఎంత బిగించినా జారక మానదు. కొందరు కొబ్బరినూనె రాస్తారు. అది అసలు వద్దు. చలికాలం పొద్దున్న పేరుకుంటుంది, కొన్ని నెలలకి జిగురవుతుంది. ఏ నూనె అయినా సరే పిస్టన్ గొట్టంలోకి పోతే డీజిల్ ఇంజన్‌లోలా మండుతుంది. పొగ, మాడు వాసన, పెద్ద చప్పుడు, గుండుకో వేగం. మొదట సీలు పోతుంది, తర్వాత స్ప్రింగు.

కాబట్టి మొదటి పని: మౌంట్ మొత్తం ఊడదీసి, గాడి రెండు అంచులూ, మౌంట్ దవడలూ, మరలూ మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, చెవిపుల్లలతో తుడవండి. దూది నల్లగా వస్తున్నంతసేపూ ఆపకండి. రింగుల లోపలివైపు, స్కోప్ గొట్టం మీద రింగు పట్టేచోటు కూడా. అంతా బిగించాక బయట కనిపించే ఇనుముకి పల్చగా తుప్పు నూనె పట్టించండి, గుడ్డకి రాసి తుడవాలి తప్ప గన్ మీద చుక్కలు వేయకూడదు.

ఇక మౌంట్. కొనేముందు వెర్నియర్‌తో గాడి వెడల్పు కొలవండి. ఎయిర్ రైఫిళ్ల మీద సాధారణంగా 11 మి.మీ. డవ్‌టెయిల్ (అంచులు వాలుగా ఉన్న గాడి) ఉంటుంది. వెడల్పుగా, అడ్డంగా కోతలు కోసి ఉంటే అది పికాటినీ, దాదాపు 21 మి.మీ. రెండింటి మౌంట్లూ వేరు, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. పికాటినీ అయితే మౌంట్ అడుగున ఉండే అడ్డకమ్మీ ఆ కోతలో కూర్చుంటుంది కాబట్టి జారే బెంగే లేదు. కమ్మీని కోత వెనక గోడకి ఆనించి బిగించండి చాలు.

మీది డవ్‌టెయిల్ అయితే నా ఓటు ఒకే ముక్క మౌంట్‌కే. అడుగున మూడు నాలుగు బిగింపు బోల్టులూ, కిందికి దిగే ఆపు మేకూ ఉన్నది చూసుకోండి. ఆ మేకు గన్ వెనకవైపు గాడిలో ఉన్న చిన్న రంధ్రంలో కూర్చోవాలి, లేదా గాడి చివరనుండే అడ్డుకి ఆనాలి. రంధ్రం లేని గన్ అయితే ఉత్త మేకు పనిచేయదు, విడిగా దొరికే స్టాప్ బ్లాకుని మౌంట్ వెనక బిగించాలి. రెండు ముక్కల రింగులతో చిక్కు ఏంటంటే ముందుది ఒకలా, వెనకది ఒకలా జారతాయి, మధ్యలో స్కోప్ గొట్టం మెలితిరుగుతుంది. మీ దెబ్బ పక్కకి పోవడానికి చాలావరకు ఈ మెలికే కారణం అయ్యుంటుంది. ఒకే ముక్కతో ఒక చిన్న ఇబ్బంది ఉంది. కంటికి తగ్గట్టు స్కోప్‌ని ముందుకీ వెనక్కీ జరుపుకునే చోటు తక్కువ. స్కోప్ నడిమి డబ్బాకి ముందూ వెనకా ఉన్న నున్నటి గొట్టం పొడవు కొలిచి కొనండి.

రింగు లోపలి కొలత మీ స్కోప్ గొట్టానిదే ఉండాలి, 25.4 లేదా 30 మి.మీ. ఎత్తు విషయంలో తాపత్రయపడి పెద్దవి తీసుకోవద్దు. 40 మి.మీ. అద్దం ఉన్న స్కోప్ ముందు గంట (గంట ఆకారంలో వెడల్పైన ముందు భాగం) బయటి కొలత సుమారు 46 అనుకోండి, సగం 23. గాడి నుంచి గొట్టం నడిమికి 26 ఉంటే గంటకింద మూడు మిల్లీమీటర్లు ఖాళీ, అది చాలు. ఎత్తు రింగులు పెడితే చెంప స్టాక్‌కి (గన్ చెక్క పిడికి) ఆనదు, తల గాల్లో తేలుతుంది.

బిగించే పద్ధతి చెప్తాను, ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. ముందు స్కోప్ టరెట్లని (గురి సర్దే పై, పక్క మరల్ని) మధ్యకి తేవాలి: ఒక చివరి దాకా తిప్పి, అక్కడినుంచి రెండో చివరికి క్లిక్కులు లెక్కపెట్టి, సగం వెనక్కి రండి. పైదానికీ పక్కదానికీ కూడా. తర్వాత మౌంట్ అడుగు బోల్టులు బిగించండి, మేకు రంధ్రం వెనక అంచుకి తగిలి ఉండేలా. కింది సగం రింగుల్లో స్కోప్ పెట్టి, పై మూతలు వదులుగా వేసి, మీరు మామూలుగా గన్ పట్టుకున్నట్టు పట్టుకుని చూపు నిండుగా కనిపించేదాకా జరపండి. కంటికీ వెనక అద్దానికీ 75 నుంచి 90 మి.మీ. వస్తుంది. క్రాస్ గీత నిటారుగా ఉందో లేదో కంటితో తేల్చకండి. గాడి మీద అడ్డంగా చిన్న రసమట్టం పెట్టి గన్‌ని సమంగా ఉంచి, ఇరవై మీటర్ల అవతల కొబ్బరిచెట్టుకి ఓ దారం కట్టి రాయి వేలాడదీసి, నిలువు గీతని ఆ దారంతో కలపండి. అప్పుడు రింగు మరలు ఎదురెదురు మూలల నుంచి, కొంచెం కొంచెంగా, కారు చక్రం నట్లు బిగించినట్టు. మూతకీ కింది సగానికీ మధ్య సందు రెండువైపులా ఒకేలా ఉండాలి. రింగు మరలకి 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు, అడుగు బోల్టులకి 3 దగ్గర. టార్క్ రెంచి లేకపోతే అలెన్ కీ పొడుగు చివర మరలో పెట్టి, పొట్టి చివరని రెండు వేళ్లతో తిప్పండి, అంతకన్నా బలం పెట్టలేరు. స్కోప్ గొట్టం పల్చటి అల్యూమినియం, చొట్టపడితే లోపలి యంత్రం ఇరుక్కుంటుంది.

బ్యారెల్ విరిచే గన్నుల్లో ఇంకో రోగం ఉంది. బ్యారెల్ ముందువైపు కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. పై టరెట్‌ని దాదాపు చివరి దాకా తిప్పితే గానీ దెబ్బ మధ్యకి రాదు. అలా చివర్లో ఉంచితే లోపలి స్ప్రింగు వదులై ప్రతి కుదుపుకీ జీరో మారిపోతుంది. వాలు సరిచేసే మౌంట్లు దొరుకుతాయి. లేదా వెనక రింగు కింది సగంలో కూల్‌డ్రింక్ డబ్బా నుంచి కోసిన రేకు వేయండి. ఆ రేకు మందం సుమారు 0.1 మి.మీ. రింగుల మధ్య దూరం 100 మి.మీ. అయితే ఒక్క పొర 25 మీటర్ల దగ్గర దెబ్బని 25 మి.మీ. పైకి తెస్తుంది. ఒక్కో క్లిక్కుకి పావు నిమిషం కోణం (నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) జరిగే స్కోప్‌లో ఆ దూరానికి ఒక క్లిక్కు 1.8 మి.మీ., అంటే పద్నాలుగు క్లిక్కుల పని ఒక రేకు చేసిపెట్టింది. రెండు పొరలకి మించి వేయకండి, గొట్టం వంగుతుంది.

మీ స్కోప్ ముందు గంట మీద దూరం అంకెలు లేకపోతే అది 100 గజాలకి ఫిక్స్ చేసినదై ఉంటుంది. 25 మీటర్ల దగ్గర మసకగా కనపడుతుంది, తల అటూ ఇటూ కదిపితే క్రాస్ గీత అట్ట మీద ఈదుతుంది. మార్చాల్సి వస్తే 10 గజాల నుంచి సర్దుకునేది తీసుకోండి. అన్నట్టు, రేపు 10 మీటర్ల పోటీలకి వెళ్లాలనుకుంటే ఈ స్కోప్ గొడవే లేదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) ఎయిర్ రైఫిల్‌లో టెలిస్కోప్ పనికిరాదు, చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటే. అక్కడి 10 పాయింట్ల చుక్క 0.5 మి.మీ.

పెల్లెట్లు. 10 మీటర్లకి చదును మూతివి బాగుంటాయి, అట్టలో గుండ్రంగా కోసినట్టు చిల్లు పడుతుంది. 25 దగ్గర అవి తడబడతాయి, గుండ్రటి మూతివే కావాలి. కోసు మూతివి చూడ్డానికే, కొనకండి. బరువు 0.5 నుంచి 0.56 గ్రాముల మధ్య చూసుకోండి: జేఎస్‌బీ ఎగ్జాక్ట్ 0.547 గ్రా., దాని ఎక్స్‌ప్రెస్ 0.51 గ్రా., హెచ్ అండ్ ఎన్ ఫీల్డ్ టార్గెట్ ట్రోఫీ 0.56 గ్రా. మరీ తేలికవి వేస్తే గాలి నిలవక పిస్టన్ గొట్టం చివరికి గుద్దుకుంటుంది, మరీ బరువువి వేస్తే గుండు బయటపడేలోపే పిస్టన్ వెనక్కి ఎగురుతుంది. డబ్బా మీద 4.50, 4.51, 4.52 అని తల కొలత ఉంటుంది. ఏది మీ బ్యారెల్‌కి సరిపోతుందో కాగితం మీద తేలదు. రెండు మూడు రకాలు తెప్పించి, రకానికి అయిదేసి గుళ్ల గుంపులు నాలుగు కొట్టండి. 25 మీటర్ల దగ్గర అయిదు చిల్లులూ పది రూపాయల నాణెం కింద దాగితే (27 మి.మీ.) స్ప్రింగ్ గన్‌కి అది మంచి గుంపు. రకం మార్చినప్పుడు మొదటి పదీ పదిహేనూ లెక్కలోకి తీసుకోకండి, బ్యారెల్ కొత్త సీసానికి అలవాటు పడాలి.

చవక డబ్బాల్లో చాలా గుళ్లు పావడా (వెనకవైపు పల్చటి అంచు) నొక్కుకుపోయి వస్తాయి. ఏరడానికి గాజుపలక చాలు. ఓ పక్క కొంచెం ఎత్తు పెట్టి గుళ్లని ఒక్కొక్కటే దొర్లించండి. బాగున్నవన్నీ ఒకే వంపులో దొర్లి ఒకేచోట ఆగుతాయి, సొట్టవి దారి తప్పుతాయి. బరువు చూడాలంటే 0.01 గ్రా. చూపే వంటింటి తూకం చాలదు, బంగారం కొట్లో వాడే 0.001 గ్రా. తూకం ఉండాలి. డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి గట్టిగా మూయండి. మన తేమకి సీసం మీద తెల్లటి పొడి పడుతుంది, అలాంటివి పారేయండి. ఆ పొడి విషం. గుళ్లు నోట్లో పెట్టుకునే అలవాటుంటే మానండి, కొట్టాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

శక్తి లెక్క కూడా తెలిసుండాలి. ఆయుధాల నియమాలు 2016 ప్రకారం బోరు 4.5 మి.మీ. దాటినా, శక్తి 20 జౌళ్లు దాటినా లైసెన్సు కావాలి. 0.547 గ్రా. గుండు సెకనుకి 200 మీటర్ల వేగంతో వెళితే సుమారు 11 జౌళ్లు, 270 దగ్గర 20 తగులుతుంది. ఎక్కువ బలమున్న స్ప్రింగు వేయిస్తామనేవాళ్లతో జాగ్రత్త. చట్టం సంగతి అలా ఉంచి, గురి కూడా పాడవుతుంది.

200 మీటర్ల వేగం, బ్యారెల్‌కి 45 మి.మీ. పైన స్కోప్, 25 మీటర్లకి జీరో అనుకుంటే: 10 మీటర్ల దగ్గర గుండు సుమారు 5 మి.మీ. కింద పడుతుంది, 15-20 మధ్య 4 నుంచి 6 మి.మీ. పైన, 30 దగ్గర 15 మి.మీ. కింద. జీరో 10 మీటర్ల దగ్గర మొదలుపెట్టండి, అక్కడ అట్ట తప్పదు. తర్వాత 25కి వెళ్లండి.

ఇవన్నీ చేశాక కూడా గుంపు తిరుగుతుంటే స్టాక్ మరలు చూడండి, ముందు రెండూ ట్రిగ్గర్ దగ్గరదీ. స్ప్రింగ్ గన్‌లో అవి వాటంతటవే వదులవుతాయి, ప్రతి వంద గుళ్లకీ ఓసారి బిగించుకోవాలి. బ్యారెల్ మడత దగ్గరి బోల్టు కూడా: విరిచి వదిలితే బ్యారెల్ తన బరువుకి కిందికి పడిపోకూడదు. పట్టు కూడా మార్చి చూడండి. గన్‌ని గట్టిగా బిగించి పట్టుకోవద్దు, ముందు చెయ్యి అరచేతిలో ఊరికే కూర్చోబెట్టి, దానిష్టం వచ్చినట్టు తన్ననివ్వండి. బల్ల మీద ఇసుక సంచి వేసుకుంటే అది స్టాక్ కింద ఉండాలి, బ్యారెల్ కింద కాదు. అప్పటికీ కుదరకపోతే స్కోప్ తీసేసి మామూలు సైట్లతో 10 మీటర్ల నుంచి అయిదు కొట్టండి. గుంపు దగ్గరగా వస్తే అప్పుడు స్కోప్ పోయిందనుకోవచ్చు.

గుళ్లు ఆగేచోటు: కొబ్బరిచెట్టు మొద్దుకి అట్ట కట్టి కొట్టకండి, గట్టి చెక్క నుంచీ సిమెంటు స్తంభం నుంచీ గుండు తిరిగి వస్తుంది. అడుగు లోతున్న చెక్కపెట్టెలో పాత గుడ్డలు కూరి, వెనక 3 మి.మీ. ఇనపరేకు పెట్టండి. చెరువువైపు తిప్పి మాత్రం పెట్టకండి, సీసం నీళ్లలోకి పోతుంది. నిండాక గుడ్డలు దులిపి, ఆ సీసం పాత ఇనుము కొనేవాళ్లకిచ్చేయొచ్చు.