పిల్లల కోసం 20 కిలోలు తగ్గాల్సిందేనా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నా వయసు 29. పెళ్లయి మూడేళ్లయింది, ఇంకా పిల్లల్లేరు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. నెలసరి ఒకసారి 45 రోజులకు వస్తే, ఒకసారి రెండు నెలలు దాటిపోతోంది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండం సరిగా విడుదల కాని సమస్య) ఉందన్నారు. 20 కిలోలు తగ్గాక రమ్మని ఒక డాక్టరు పంపేశారు. రెండు వారాలు ఒంటిపూట భోజనం చేస్తే కళ్లు తిరిగాయి. లావు వల్లే పిల్లలు పుట్టడం లేదని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: ముందు ఆ ఒంటిపూట భోజనం ఆపేయండి. అలా కడుపు మాడ్చుకుని తగ్గిన బరువు నిలవదు, పైగా నీరసం, టెన్షన్ మిగులుతాయి.

మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే లెక్క) 31.6. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటాం. కాబట్టి బరువు ప్రభావం మీ మీద ఉందన్నది నిజమే. అయితే లావుగా ఉన్నవాళ్లకు పిల్లలు పుట్టరన్న మాట మాత్రం తప్పు. మీకంటే బరువున్నవాళ్లు ఎంతోమంది మామూలుగానే తల్లులవుతున్నారు. మీ విషయంలో అసలు ఇబ్బంది అండం నెలనెలా విడుదల కాకపోవడం. నెలసరి అంత ఆలస్యంగా రావడానికి కారణం చాలావరకు అదే.

ఒంట్లో కొవ్వు పెరిగితే, ముఖ్యంగా నడుం చుట్టూ చేరితే, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. అది అండాశయాల్లో పురుష హార్మోన్లను పెంచుతుంది. కొవ్వు కూడా ఊరికే ఉండదు, ఈ హార్మోన్లలో కొంత భాగాన్ని ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. ఇలా మెదడు నుంచి అండాశయానికి వెళ్లే సంకేతాలు తారుమారై, అండం పెరగడం మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోతుంది. మరీ సన్నగా, బీఎంఐ 18.5 కంటే తక్కువగా ఉన్నవాళ్లకూ నెలసరి తప్పొచ్చు. గర్భాన్ని మోసేంత శక్తి నిల్వలు లేవని మెదడే అండం విడుదలను ఆపేస్తుంది. వాళ్లు బరువు పెరగాలి.

ఇక 20 కిలోల సంగతి. అంత అక్కర్లేదు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. మీ లెక్కన 4 నుంచి 8 కిలోలు. వారానికి అర కిలో చొప్పున తగ్గితే మొదటి 4 కిలోలకు రెండు నెలలు చాలు.

మన భోజనంలో చిక్కంతా అన్నంతోనే. కంచం నిండా అన్నం పెట్టుకుని, పక్కన రెండు చెంచాల కూర వేసుకుంటాం. దీన్ని తిరగేయండి. అన్నం పావు కంచమే ఉండాలి, సగం కూరలు, మిగతా పావు పప్పో గుడ్డో చేపో. గోంగూర పప్పు మానక్కర్లేదు, తాలింపులో నూనె తగ్గిస్తే చాలు. సాయంత్రం బజ్జీలు, పునుగులు, తియ్యటి టీ మాత్రం మానాల్సిందే. రోజూ అరగంట చెమట పట్టేలా నడవండి. మన గుంటూరు ఎండల్లో ఉదయం ఆరింటికే బయల్దేరడం మంచిది.

అయితే బరువు తగ్గేదాకా పరీక్షలు వాయిదా వేయొద్దు. మిమ్మల్ని అలా పంపేయడం నాకు నచ్చలేదు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు తయారుచేసే హార్మోన్), షుగర్ పరీక్షలు ఇప్పుడే చేయించుకోండి. మీ వారికి వీర్య పరీక్ష కూడా తప్పనిసరి. ఆ పరీక్ష చేయించకుండా మూడేళ్లూ భార్యనే నిందించడం అన్యాయం, ఈ మాట మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి. మగవాళ్లలోనూ అధిక బరువు వీర్యం నాణ్యతను తగ్గిస్తుంది, ఆయన కూడా మీతో పాటు నడవాలి. అవసరమైతే అండం విడుదలకు లెట్రోజోల్ లాంటి మాత్రలు ఉన్నాయి. డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఎవరో చెప్పారని మొదలుపెట్టకండి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు అవి వాడకూడదు. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఇప్పటినుంచే వేసుకోవాలి, మీ బరువుకు మోతాదు ఎంతో అడిగి తెలుసుకోండి.

గత ఆరు నెలల నెలసరి తేదీలు ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఎప్పుడైనా 90 రోజులు దాటినా నెలసరి రాకపోతే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. గర్భం కాదని తేలితే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. అన్ని రోజులు రక్తస్రావం కాకపోతే గర్భాశయం లోపలి పొర మందమవుతుంది, దానికి మందులు ఇవ్వాల్సి ఉంటుంది.