మీ ప్రశ్నలు – మా జవాబులు: సైన్సులో మహిళలపై పోస్టర్ల ప్రదర్శన

ప్రశ్న: ఫిబ్రవరి 11న, సైన్సులో మహిళల దినోత్సవానికి, మా విశ్వవిద్యాలయంలో పోస్టర్ల ప్రదర్శన పెడుతున్నాం. కిందటేడు 40 పోస్టర్లు పెట్టాం. ఒక్కరూ ఆగి చదవలేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: ముందు 40ని 12కి కుదించండి. ఫొటో, పుట్టిన తేదీ, అవార్డుల చిట్టా... ఇంతే అయితే ఎవరు మాత్రం ఎందుకు ఆగుతారు? పోస్టర్‌లోని శాస్త్రవేత్త చేసిన పని కళ్లకు కట్టాలి.

జోసెలిన్ బెల్ బర్నెల్‌నే తీసుకోండి. 1967లో ఆమె కేంబ్రిడ్జ్‌లో పరిశోధక విద్యార్థిని. అక్కడి రేడియో టెలిస్కోపు ఆకాశం నుంచి అందుకున్న రేడియో సంకేతాలను గీతగా గీస్తూ రోజూ 96 అడుగుల చార్టు కాగితం వదిలేది. దాన్నంతా కంటితోనే గాలిస్తూ, అంగుళం కూడా లేని ఓ గజిబిజి గీతను పట్టుకున్నారు. దాదాపు 1.34 సెకన్లకోసారి మిణికే పల్సార్ అది, అంటే గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లే నక్షత్రం. దీన్ని పోస్టర్‌లో రాసి ఊరుకోకండి. రసీదుల ప్రింటరు కాగితపు చుట్టలు తెచ్చి, కారిడార్ గోడ పొడవునా 29 మీటర్లు అతికించండి. పెన్నుతో వంకర గీత లాగుతూ పోయి, ఎక్కడో ఒకచోట అంగుళంలోపు గజిబిజి చేసి, వెతకమనండి. పది అడుగులు వెతికేసరికే ఆ ఓపిక ఎంతటిదో తెలిసొస్తుంది.

ఇక అచ్చు సంగతి. ఏ1 సైజు (594 × 841 మి.మీ.) చాలు. మాటలు 150 దాటనివ్వకండి. శీర్షిక 90 పాయింట్లు, మిగతాది 30కి తగ్గకూడదు. ఫొటో 30 సెం.మీ. వెడల్పున రావాలంటే ఫైలు కనీసం 1,800 పిక్సెళ్ల వెడల్పుండాలి. నెట్‌లో దొరికే 400 పిక్సెళ్ల బొమ్మను సాగదీస్తే ముఖం చెదిరిపోతుంది. మెరిసే లామినేషన్ వద్దు, ట్యూబులైటు వెలుగు దానిలో పడి అక్షరాలు కనబడవు.

అసలు చిక్కు తెలుగు ఫాంటుతో. మార్చడానికి వీలుండే ఫైలే పంపితే, అచ్చు వేసేవాళ్ల కంప్యూటర్లో మీ ఫాంటు లేక వేరేది వచ్చి కూర్చుంటుంది. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లకైతే ఫాంటు ఉన్నా ఒత్తులు కలపడం రాదు. ‘స్త్రీ’ కాస్తా ‘స్‌త్‌రీ’ అయి కూర్చుంటుంది, అదీ ఈ ప్రదర్శనలోనే! అందుకని ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ పంపండి. ముందు ఏ4లో ఒక కాపీ తీయించి, ఒత్తులున్న మాటలన్నీ వేలు పెట్టి సరిచూడండి.

ప్రశ్న: మా పోస్టర్లలో తప్పులున్నాయని ఒక అధ్యాపకురాలు అన్నారు. సాధారణంగా ఎక్కడ పొరబడతారు?

జవాబు: మెచ్చుకోలు ఎక్కువైన చోటే. డీఎన్ఏ నిర్మాణం తేల్చడానికి తోడ్పడ్డ ఎక్స్-రే చిత్రం ‘ఫొటో 51’ను శాస్త్రవేత్త రోజలిండ్ ఫ్రాంక్లిన్ తీశారని రాసేస్తుంటారు. 1952లో దాన్ని తీసింది ఆమె పర్యవేక్షణలో ఉన్న విద్యార్థి రేమండ్ గాస్లింగ్. అలా రాసినంత మాత్రాన ఆమె కృషి తగ్గదు. అలాగే యంత్రంలో, ప్రోగ్రాములో లోపానికి ‘బగ్’ (పురుగు) అనే మాట పుట్టించింది కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ అంటారు. 1947లో మార్క్-2 కంప్యూటర్లో చిమ్మట దొరికే నాటికే ఇంజినీర్లు ఆ మాట వాడుతున్నారు. కాబట్టే అక్కడి నమోదు పుస్తకంలో రాసిన ‘నిజంగా బగ్ దొరికింది’ అన్న చమత్కారం పండింది. హాపర్ గురించి రాయడానికి 1952 నాటి ఏ-0 కంపైలర్ (ప్రోగ్రామును కంప్యూటర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) ఉండగా చిమ్మట ఎందుకు?

ప్రశ్న: మా విశ్వవిద్యాలయం వాళ్లనూ చేర్చవచ్చా?

జవాబు: తప్పకుండా. ‘తొలి మహిళ’ అని రాసే ముందు ఏ విభాగంలో, ఏ హోదాలో, ఏ ఏడాది అన్నది పాత రిజిస్టర్లలో చూసి తేల్చుకోండి. రాసింది వాళ్లకే చూపించి, ఫొటోకు రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇంటినీ పిల్లల్నీ ఎలా సంభాళించుకున్నారని రాసి ఉంటే, ఆ వాక్యంలో ఒక మగ ప్రొఫెసర్ పేరు పెట్టి చదవండి. ఎబ్బెట్టుగా ఉంటే కొట్టేయండి.