ఇల్లు నీకు, రిటైర్మెంట్ డబ్బు నాకు అంటున్నారు!

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మేం విడిపోవాలనుకుంటున్నాం. 'ఇల్లు నువ్వు తీసుకో, నా రిటైర్మెంట్ డబ్బు జోలికి రాకు' అంటున్నారు మావారు. పిల్లల కోసం ఉద్యోగం మానేశాను, నాకంటూ పొదుపు లేదు. ఒప్పుకోమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: అప్పుడే సంతకం పెట్టకండి. ఇల్లు కళ్లకు కనిపిస్తుంది కాబట్టి పెద్ద ఆస్తిలా అనిపిస్తుంది. కానీ పన్ను, మరమ్మతులు, లోను మిగిలుంటే వాయిదాలు, అన్నీ మీ నెత్తినే పడతాయి. నెల ఖర్చులకని గోడలోంచి ఇటుక తీసి అమ్ముకోలేరు కదా! ఆయన ఫండ్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఏటా 8 శాతం చక్రవడ్డీ అనుకుంటే 9 ఏళ్లలో రెట్టింపు, 18 ఏళ్లకు సుమారు నాలుగు రెట్లు. మీరు ఇల్లూ పిల్లల్నీ చూసుకోబట్టే కదా ఆయన ఉద్యోగం నిశ్చింతగా సాగింది? వాటా అడగడానికి మొహమాటం దేనికి? (ఆ మాట అనడానికి ఆయన మొహమాటపడలేదుగా.) ఎంత వస్తుందన్నది మీకు వర్తించే చట్టాన్ని బట్టి ఉంటుంది. మీ సొంత లాయర్ని పెట్టుకుని అడగండి, ఆయన తరఫు లాయర్ని కాదు.

ఈలోపు బ్యాంకు, ఫండ్ స్టేట్‌మెంట్లకు కాపీలు తీసుకోండి. జాయింట్ లోను ఉంటే మరీ జాగ్రత్త. 'ఆయనే కడతారు' అని మీరిద్దరూ రాసుకున్నా, లోను పత్రాల్లో మీ పేరు ఉన్నంతకాలం బ్యాంకు మిమ్మల్నీ అడుగుతుంది.