గొళ్లెం ఆయనే తీయాలి

ప్రశ్న: గెట్టు పంచాయితీలో జరిగిన హత్య కేసులో మా ఆయనకు యావజ్జీవం పడింది. 14 ఏళ్లకు, ఈ జనవరి 26కి సత్ప్రవర్తన కింద వదిలారు. తాగడు, కోపం లేదు. అయినా నాకు భయంగా ఉంది. పొద్దున ఐదింటికి లేచి దుప్పటి మడతపెట్టి తలుపు దగ్గర నిలబడతాడు. గొళ్లెం లోపలివైపే ఉంది, కానీ నేనొచ్చి తీసేదాకా కదలడు. ఏం కూర చేయాలంటే ‘ఏదైనా మంచిదే’ అంటాడు. సబ్బు తెమ్మని దుకాణానికి పంపితే ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు, అన్ని రకాల్లో ఏది తీసుకోవాలో తెలియలేదట. సాయంత్రం ఆరు కాకముందే ఇంట్లోకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటాడు. మా అత్త తాయెత్తు కట్టించింది. ఆయన వెళ్లినప్పుడు నా కడుపులో ఉన్న బిడ్డ ఇప్పుడు తొమ్మిదో తరగతి. ‘ఇంటికి ఎవరో చుట్టమొచ్చినట్టుంది’ అంటుంది. ఈయనకు మతి తప్పిందా?
– ఒక సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: మతి తప్పలేదమ్మా. జైలు నేర్పిన పాఠం బాగా వంటబట్టింది.

నేను 22 ఏళ్లు జైళ్లలో సంక్షేమాధికారిగా చేశాను. ఒకసారి విడుదలైన ఒకాయనతో కలిసి గేటు దాటి, ఎదురుగా ఉన్న బడ్డీలో టీ ఇప్పించాను. తాగాక ఆ గాజు గ్లాసును తొట్టిలో నీళ్లతో కడిగి, బోర్లించి, చేతులు కట్టుకుని పక్కకు నిలబడ్డాడు. బడ్డీవాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన ఫైలులో ‘ప్రవర్తన సంతృప్తికరం’ అని రాసింది నేనే.

పొద్దున బ్యారక్ తాళం తీసి లెక్క, సాయంత్రం లోపలికి పంపి లెక్క, మళ్లీ తాళం. 14 ఏళ్లంటే ఐదు వేలకు పైగా తెల్లవారుజాములు. ఒక్కనాడూ ఆ తలుపు ఆయన చేత్తో తీసింది కాదు. అమెరికాలో ట్రెంటన్ జైలును దగ్గరుండి చూసిన గ్రెషమ్ సైక్స్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఖైదు పెట్టే బాధలను 1958లో ఐదుగా లెక్కగట్టాడు. స్వేచ్ఛ, సొంత వస్తువులు, ఆడతోడు, ప్రాణానికి భరోసా పోవడం ఎవరైనా ఊహించగలిగినవే. ఐదోది తన పనిని తాను నిర్ణయించుకునే హక్కు పోవడం. మీ ఆయన సబ్బుల ముందు నిలబడిపోయింది అందుకే.

దీన్ని మన కోర్టులు గుర్తించలేదని కాదు. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక మోసం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ మూడేళ్ల శిక్షను 18 నెలలకు తగ్గించి, ఆ ఖైదీకి యంత్రంలా చేసే చాకిరీ కాకుండా బుద్ధి వాడే పని ఇవ్వమన్నారు. నేను చూసిన చోట ఇవ్వడానికి ఉన్నది ఎక్కువగా చీపురూ, వంట డెక్చీ. చర్లపల్లి ఓపెన్ జైలు లాంటి చోట పొలం పనికి వెళ్లేవాళ్లు కాస్త నయం.

రేపటి నుంచి తలుపు మీరు తీయకండి. పక్కనే పొయ్యి వెలిగించుకోండి, పిలవొద్దు, తొందరపెట్టొద్దు. మొదటి రోజు అరగంట నిలబడినా మీరు ఓర్చుకోవాలి. ‘ఏం కూర?’ అన్నది ఆయనకిప్పుడు చాలా పెద్ద ప్రశ్న. ‘బెండకాయా, వంకాయా?’ అనండి. సబ్బూ అంతే, రెండు పేర్లు చెప్పి పంపండి. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, అత్తగారి మనశ్శాంతికి. ఆయన వినేలా ‘పిచ్చి’ అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరూ అనొద్దు. నిద్ర పూర్తిగా పోయినా, బతకాలని లేదన్నా ఆగకండి. 14416కు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో విడుదలైనవాళ్లకు పని ఇస్తున్నారు. మంచి ఏర్పాటే. అయినా నన్నడిగితే కొన్ని నెలలు ఆగమంటాను. మళ్లీ యూనిఫారం, మళ్లీ డ్యూటీ టైము ఇప్పుడే ఎందుకు?

అమ్మాయిని ‘నాన్నా’ అని పిలవమని బలవంతం చేయకండి. ములాఖత్‌లో జాలీ అవతల కనిపించిన మనిషి ఆమెకు చుట్టమే మరి. జైల్లో ఆయన ఏ పని నేర్చారో మీరు రాయలేదు. వడ్రంగమైతే ఆమె చదువుకునే బల్ల కాలు ఊగుతోందేమో చూడమనండి. అడిగేది ఆమే అయితే మంచిది.

మీరు రాయనిది ఇంకొకటి ఉంది. చనిపోయినవాళ్ల ఇల్లు మీకెంత దూరం? గెట్టు పంచాయితీ అంటే పక్క చేనువాళ్లే అయి ఉంటారు. పొద్దుగూకే వేళకు వాళ్లూ చేలనుంచి మీ వాకిలి ముందు నుంచే వెళ్తుంటే, ఆయన ఆరింటికే లోపలికి రావడం జైలు అలవాటు కాకపోవచ్చు. అది భయమా, మొహం చెల్లకపోవడమా? ఎవరూ లేనప్పుడు మెల్లగా అడిగి, ఆయన ఏమన్నారో నాకు రాయండి.