అమ్మలూ, నీ లిస్టులో ఎనిమిది కొట్టేసి ఒక్కటి ఉంచు

అమ్మలూ,

నువ్వు పంపిన లిస్టు రెండుసార్లు చదివాను. సైన్స్ క్లబ్, ఎకో క్లబ్, మ్యాథ్స్ క్లబ్, గోడ పత్రిక, పెరటి తోట, స్పోకెన్ ఇంగ్లీష్, ఇంకా ఏవేవో మొత్తం తొమ్మిది రాశావు. డీఎస్సీ కొట్టిన పిల్ల ఎండాకాలం సెలవుల్లో కూర్చుని బడి గురించి ఇంత ఆలోచిస్తోందంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను, మీ అమ్మమ్మ బతికుంటే ఈపాటికి ఊరంతా చెప్పి ఉండేది. పోయినేడు నువ్వు చేరేసరికే సగం సంవత్సరం అయిపోయింది కాబట్టి ఈ జూన్ 12 నుంచే నీకు మొదటి పూర్తి సంవత్సరం, అందుకే నా మాట విని ఆ తొమ్మిదిలో ఎనిమిది పక్కన పెట్టు. ఒక్కటి మొదలెట్టు, దాన్ని ఫిబ్రవరి దాకా చావనివ్వకు.

ఎందుకంటున్నానంటే, నేను హైస్కూల్‌కి వచ్చిన కొత్తలో ఒక్క నెలలో ఆరు క్లబ్బులు పెట్టాను. ప్రతి దానికీ ప్రెసిడెంటు, సెక్రటరీ, రిజిస్టరు, అట్టతో చేసిన బ్యాడ్జీలు, సర్పంచి గారిని పిలిచి ఓపెనింగ్ కూడా చేయించాను. దసరా సెలవులకి అన్నీ ఆగిపోయినాయి. ఎఫ్ఏ పరీక్షలు, పేపర్లు దిద్దడం, ట్రైనింగులు, ఇట్లా ఒకదాని మీద ఒకటి వచ్చి పడితే ఒక్కదానికీ టైమ్ ఇవ్వలేకపోయాను. అది పెద్ద బాధ కాదు గానీ, సంక్రాంతి సెలవులు అయ్యాక కూడా ఎనిమిదో క్లాసు పిల్లాడొకడు ఆ అట్ట బ్యాడ్జీ జేబుకి పెట్టుకునే వచ్చేవాడు, అంచులన్నీ చిరిగిపోయి ఉంది. సార్ మన క్లబ్బు మీటింగు మళ్ళీ ఎప్పుడు అని అడిగాడు. వాడికి నేనేం చెప్పాలి? నమ్మిన పిలకాయల్ని నిరాశపెట్టడం కంటే అసలు మొదలుపెట్టకపోవడమే నయం అని ఆ రోజు అనిపించింది.

ఇప్పుడు ఆ ఒక్కటి ఏది అని అడుగుతావు. నువ్వు బయాలజీ టీచరువి, మీ బడి ఉన్నది మెట్ట ఊరు, పిల్లల ఇళ్ళల్లో సగానికి పైగా వ్యవసాయం. నేనైతే వాన కొలవడంతో మొదలెడతాను. చిన్న పనే గానీ సంవత్సరం పొడుగునా ఉండే పని, పైసా ఖర్చు లేదు, రోజూ అయిదు నిమిషాలు చాలు. పైగా బడి తెరిచేది మృగశిర కార్తెలో, ఇంకో పది రోజులకి ఆరుద్ర, మొదటి వానలకి సరిగ్గా సరిపోతుంది.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసుకో, మధ్యలో నిటారుగా ఉండే రకం అయితే మంచిది. పై భాగం వంపు మొదలయ్యే చోట కోసి, మూత తీసేసి, తలకిందులుగా గరాటు లాగా అదే సీసాలో పెట్టు. అడుగున గుంటలు గుంటలుగా ఉంటుంది కదా, అందులో గులకరాళ్ళు వేసి సీసా గోడలు నిటారుగా వచ్చే దాకా నీళ్ళు పొయ్యి, అక్కడ గీత గీసి సున్నా అని రాయి. ఆ గీత దగ్గర్నుంచి పైకి ప్లాస్టిక్ స్కేలు అతికించు, అంతే. ఇసక పోసిన బకెట్లో దించి పెట్టకపోతే మేకలు తోసేస్తాయి, మా బళ్ళో రెండుసార్లు అయింది. వేపచెట్టు కింద అసలు పెట్టొద్దు, చెట్టు ఎంత ఎత్తుందో కనీసం దానికి రెండింతలు దూరంలో ఉండాలి. రోజూ పొద్దున 8.30కి చూడాలి, వాతావరణ శాఖ వాళ్ళు కూడా అదే టైముకి చూస్తారు. చూశాక నీళ్ళు మళ్ళీ సున్నా గీతకి తెచ్చి పెట్టాలి, ఎండ రోజుల్లో తగ్గితే పోసి సరిచెయ్యాలి, ఇది మర్చిపోతే లెక్కంతా తప్పు.

నోట్‌బుక్కులో తేదీ, ఎన్ని మిల్లీమీటర్లు, ఎవరు చూశారు, సంతకం. వాన లేని రోజు కూడా సున్నా అని రాయించు, ఖాళీ వదలనివ్వొద్దు. ఇది నేను గట్టిగా చెప్తున్నాను అమ్మలూ, ఎందుకంటే సున్నా రాయడం అలవాటైన పిల్లలు చూడకుండా అంకె వెయ్యరు.

ఇందులో సైన్సు ఏముంది అంటారు స్టాఫ్ రూమ్‌లో. మా బళ్ళో జరిగింది చెప్తాను. ఒక పొద్దున మా సీసాలో 4 మిల్లీమీటర్లు ఉంది, తర్వాత రోజు పేపర్లో మా మండలానికి 30 పైన వేశారు. తొమ్మిదో క్లాసు పిల్ల ఒకతి వచ్చి మన సీసా తప్పా సార్, పేపరు తప్పా అంది. రెండూ తప్పు కాదు, మండలం వానమాపకం ఎమ్మార్వో ఆఫీసు దగ్గరుంటుంది, అక్కడ పడ్డ వాన మన ఊళ్ళో పడాలని రూలు లేదు అని నేను చెప్పేయొచ్చు, నోటి దాకా వచ్చింది కూడా. ఆపుకుని, నువ్వే కనుక్కో అన్నాను. వాళ్ళు చుట్టుపక్కల మూడు ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకి తలా ఒక సీసా చేసి ఇచ్చి ఇళ్ళ దగ్గర పెట్టించారు. నెల తిరిగేసరికి ఒకే వాన మూడు ఊళ్ళలో మూడు రకాలుగా పడటం వాళ్ళ చేతి రాతలోనే వాళ్ళకి కనపడింది.

ఆ పిల్లే ఇంకో సంగతి తెచ్చింది, నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినా నాకు తట్టనిది. వాళ్ళ తాత మిల్లీమీటర్లు ఏందే, పదును ఎంత దిగిందో చెప్పు అన్నాడంట. మన రైతులు వానని పదునుతోనే కదా కొలిచేది, జానెడు పదును, మూరెడు పదును, దుక్కి పదును అని. ఆ తర్వాత పిల్లలు వాన పడిన మర్నాడు చిన్న గునపంతో తవ్వి తడి ఎంత లోతుకి దిగిందో స్కేలు పెట్టి కొలవడం మొదలెట్టారు, ఎర్రనేలలో ఒకచోట, నల్లరేగడిలో ఒకచోట. ఒకే వానకి ఎర్రనేలలో జానెడు దిగితే నల్లరేగడిలో నాలుగు వేళ్ళే దిగింది. ఎందుకు అని వాళ్ళే అడిగారు, అప్పుడు నేను మట్టి రేణువుల పాఠం చెప్పాను, ఆ పాఠం అంత శ్రద్ధగా ఏ క్లాసూ వినలేదు. తాతల్ని బడికి పిలిచి ఏ కార్తెలో ఏ విత్తనం వేస్తారో చెప్పించాము, మనకి అసలు వానలు చిత్త స్వాతి కార్తెల్లో కదా ఎక్కువ, అక్టోబరు నవంబరు, పిల్లల నోట్‌బుక్కులో కూడా అదే తేలింది.

మ్యాథ్స్ వాళ్ళని కూడా కలుపుకో. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. మీ క్లాసు రూము స్లాబు 8 మీటర్లు, 6 మీటర్లు అనుకో, 48 చదరపు మీటర్లు, 10 మిల్లీమీటర్ల వానకి 480 లీటర్లు, అంటే 24 క్యాన్లు. మన వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగలేక 20 లీటర్ల క్యాను కొనుక్కునే ఇళ్ళే కదా అన్నీ, పిల్లలు ఆ లెక్క చూసి స్లాబు వైపు తలెత్తి చూశారు, నాకు ఇంకా కళ్ళల్లో ఉంది.

ఇక ప్రైజుల సంగతి. ఇన్‌స్పైర్ మనక్ అని, బడి పిల్లల సైన్సు ఐడియాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అవార్డు ఉంది కదా, దానికి బడికి అయిదు ఐడియాల దాకా పంపొచ్చు, ఎంపికైతే పిల్ల అకౌంట్లోకి పదివేలు పడతాయి, దాంతో మోడల్ చేసి జిల్లాకి వెళ్ళాలి. తప్పకుండా పంపు. కానీ ఐడియా నువ్వు రాయొద్దు, నెట్‌లో చూసి అసలు రాయొద్దు. జూలైలోనే ఒక అట్టపెట్టె పెట్టి, మీ ఇంట్లో అమ్మకి నాయనకి కష్టంగా ఉన్న పని ఏదో ఒక్కటి రాసి వెయ్యండి అని చెప్పు, వంద చీటీలు వస్తే నాలుగైదు గొప్పవి ఉంటాయి. ఒకసారి జిల్లా ఫెయిర్‌లో మా పక్క టేబుల్ మీద టౌన్‌లో కొనుక్కొచ్చిన థర్మాకోల్ అగ్నిపర్వతం ఉంది, లైట్లు గీట్లు బ్రహ్మాండంగా ఉంది. జడ్జి వచ్చి ఇది ఎవరు అతికించారు బాబూ అని మామూలుగానే అడిగితే ఆ పిల్లాడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. తప్పు వాడిది కాదు, తెచ్చిచ్చిన పెద్దవాళ్ళది. బాలల సైన్స్ కాంగ్రెస్ కూడా మంచి వేదిక, 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి, అక్కడ మోడల్ కంటే ఊళ్ళో చేసిన పరిశీలనకి, లాగ్ బుక్కుకి విలువ, నీ వాన నోట్‌బుక్కు అప్పటికి తయారుగా ఉంటుంది.

వీటన్నిటికంటే ముందు ఒకటి ఉంది, అది ప్రాజెక్టు కాదు గానీ వదిలేస్తే పాపం. ఎన్ఎంఎంఎస్, అంటే పేద పిల్లలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్ష. ఎనిమిదో క్లాసు పిల్లలు రాస్తారు, గవర్నమెంటు, ఎయిడెడ్ బళ్ళ పిల్లలకే, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12 వేలు, నాలుగేళ్ళకి 48 వేలు. ఒక ఆడపిల్లని పదో క్లాసు తర్వాత చదువు మానిపించకుండా ఆపడానికి ఆ డబ్బు చాలా ఇళ్ళల్లో సరిపోతుంది, నేను కళ్ళారా చూశాను. మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, సబ్జెక్టులు 90, రెండిటికీ గంటన్నర చొప్పున. వారానికి రెండు రోజులు ఒక అరగంట కూర్చోబెడితే చాలు. అయితే పేర్లు సరిచూడు తల్లీ. స్కూలు రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఇంటిపేరు లేకుండా ఇంకో పేరు ఉండి, పరీక్ష పాసై కూడా డబ్బు పడని పిల్ల ఒకతి మా బళ్ళో ఉంది, వాళ్ళ నాయన ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో. జూలైలోనే మూడూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఆ బాధ ఉండదు.

పదో క్లాసు వాళ్ళ జోలికి పోవద్దు, దసరా తర్వాత వాళ్ళ టైము వాళ్ళది కాదు, స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు. ఎనిమిది, తొమ్మిది క్లాసులే నీ బలం. ఏడో క్లాసు వాళ్ళని ఇద్దర్ని కూడా పెట్టుకో, వచ్చే ఏడాది నోట్‌బుక్కు పట్టేది వాళ్ళే. ఇంకోటి, సంక్రాంతి తర్వాత మిరప కోతలు మొదలైతే ఆడపిల్లలు సగం మంది రారు, వాళ్ళు చేసే సీసా పని జనవరికి ముందే మిగతా వాళ్ళకి పంచి పెట్టుకో. రాని పిల్లని అందరి ముందు నిలబెట్టి అడగొద్దు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, ఇంటి దగ్గర సీసా నువ్వు చూస్తున్నావా అమ్మా అని అడుగు చాలు. ఒకతి కూలికి పోతూ కూడా పొద్దున్నే సీసా చూసి అంకెలు చేతి మీద పెన్నుతో రాసుకుని, తమ్ముడితో పంపించింది. ఆ తమ్ముడు రెండో క్లాసు, వాడి అరచేతిలో మళ్ళీ రాసి పంపింది, చెమటకి సగం చెరిగిపోయినా చదువుకున్నాము.

మీ హెచ్ఎం గారికి ముందే చెప్పు, కాగితం మీద రాసి ఇవ్వు, ఆయనకి తెలియకుండా ఏ పనీ మొదలెట్టొద్దు. ఫొటోలు పెట్టమని యాప్‌లో అడుగుతారు, పెట్టు, కానీ ఫొటో కోసం పిల్లల్ని మళ్ళీ నిలబెట్టి చేసిందే చేయించొద్దు, వాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది ఇది ఎవరి కోసమో. తోటి టీచర్లు కొత్త కదా చేస్తుందిలే అంటారు, పట్టించుకోవద్దు, మంచి మాటగా తీసుకో. ఖర్చులు నీ జీతంలోంచి అదే పనిగా పెట్టొద్దు, సీసాలు పిల్లలే తెస్తారు, స్కేళ్ళు పేరెంట్స్ కమిటీ వాళ్ళని అడిగితే ఎవరో ఒకరు కొనిస్తారు, అడగడానికి మొహమాటపడకు.

గోడ పత్రిక నీకు బాగా ఇష్టమని తెలుసు, అది కొట్టెయ్యమని చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. ఒక పని చెయ్యి, విడిగా పెట్టకుండా ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవానికి ఒక్క చార్టు వేయించు. తుప్పర, జల్లు, ముసురు, జడివాన, పదును, వరపు, ఇట్లా వాన మాటలు ఇళ్ళల్లో నాయనమ్మల్ని అడిగి తెమ్మను, పక్కనే ఆ నెల మిల్లీమీటర్ల గ్రాఫు. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి మొత్తం సంవత్సరం గ్రాఫు పెద్ద పేపరు మీద గీసి రైతుల్ని పిలవండి, పిల్లలే చెప్పాలి, నువ్వు వెనకాల నిలబడు.

నా పాత వాన నోట్‌బుక్కులు అటక మీద ఉన్నాయి, చెదలు పట్టకుండా మీ అత్త వేపాకు పెట్టి కట్టింది. ఆదివారం దింపుతాను. బడి తెరిచే లోపు ఒకసారి వచ్చి తీసుకెళ్ళు, సీసా ఎట్లా కొయ్యాలో ఇక్కడే చేసి చూపిస్తాను, కత్తెరతో అయితే అంచు వంకర పోతుంది, వేడి చేసిన బ్లేడు కావాలి.

మీ మామయ్య